తెర వెలగకపోతే కంప్యూటర్ పోయినట్టు కాదు

పాత డెస్క్‌టాప్ స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, ముందున్న లైటు వెలుగుతుంది, మానిటర్ మీద మాత్రం ఏమీ రాదు. వెంటనే "మదర్‌బోర్డ్ పోయింది, కొత్తది తీసుకోండి" అనే మాట వినిపిస్తుంది. గూడూరు పక్కన, తీరప్రాంతంలో ఉన్న చిల్లకూరు లాంటి ఊళ్లో ఈ తీర్పు చాలాసార్లు తొందరపాటే అవుతుంది. ఇక్కడ డిస్‌ప్లే రాకపోతే ఏ భాగం కాలిపోయిందా అని కాక, ఏ అతుకు దగ్గర కరెంటు ఆగిందా అని ముందు వెతకాలి. కాలిన భాగానికి డబ్బు పెట్టాలి. ఆగిన అతుకుకు కాస్త ఓపిక ఉంటే సరిపోతుంది.

అసలు తెర మీద బొమ్మ ఎప్పుడొస్తుందో తెలిస్తే ఈ వాదన అర్థమవుతుంది. స్విచ్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) తన ఓల్టేజీలు సరిచూసుకుని మదర్‌బోర్డ్‌కు సంకేతం ఇస్తుంది. ప్రాసెసర్ అప్పుడు బయాస్ చిప్‌లోని ఆదేశాలు చదవడం మొదలుపెట్టి, ర్యామ్ ఉందో లేదో చూసి, గ్రాఫిక్స్‌ను సిద్ధం చేస్తుంది. మొదటి అక్షరం తెర మీదికి వచ్చేది ఇవన్నీ అయ్యాకే. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని పాత మెషీన్లు బొమ్మ కోసం ర్యామ్‌లోనే కొంత వాడుకుంటాయి. కాబట్టి ర్యామ్ దొరక్కపోతే మానిటర్ ఎంత బాగున్నా తెర నల్లగానే ఉంటుంది. నల్ల తెర జ్వరం లాంటిది. అది లక్షణమే, రోగం పేరు చెప్పదు.

ఇక తీరం సంగతి. బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలిలో సన్నని ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఆ ఉప్పు చెమ్మను పీల్చుకుని పలచని ఉప్పునీటి పొరగా మారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఈ తీరంలో అలాంటి రోజులే ఎక్కువ. చిల్లకూరు, కోట మండలాల్లో సిలికా ఇసుక తవ్వకాలున్నాయి కనుక కొన్నిచోట్ల దుమ్ము కూడా తోడవుతుంది. కంప్యూటర్ ఫ్యాన్ ఈ గాలినే పెట్టెలోకి లాగుతుంది. డీడీఆర్3 ర్యామ్ పలకకు అడుగున 240 సన్నని బంగారు పూత పట్టీలుంటాయి. బంగారానికి తుప్పు పట్టదు నిజమే, కానీ ఆ పూత చాలా పలచన. సన్నటి రంధ్రాల్లోంచి చెమ్మ దిగితే కింది లోహానికి చిలుము పడుతుంది. ముఖ్యమైన ఒక్క పట్టీ సరిగా ఆనకపోయినా కంప్యూటర్ మొదలవదు.

అందుకే వరస ముఖ్యం: ఖర్చు లేనివి ముందు, ఖర్చున్నవి చివర. ముందు పెట్టె తెరవకుండానే చూడాలి. మానిటర్ 'నో సిగ్నల్' అని చూపిస్తోందంటే అది బతికే ఉంది, దానికి బొమ్మ అందడం లేదంతే. వీజీఏ కేబుల్ రెండు వైపులా ఊడదీసి, 15 పిన్నుల్లో ఏదైనా వంగిందేమో చూసి, మళ్లీ బిగించాలి. మానిటర్ మెనూలో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారో లేదో చూడాలి. విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే తగిలించాలి. తర్వాత కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కాలి. దాని లైటు ఆరి వెలుగుతుంటే కంప్యూటర్ లోపల నడుస్తోంది, లోపం బొమ్మ వెళ్లే దారిలో ఉందని తేలుతుంది. లైటు మారకపోతే అప్పుడు పెట్టె తెరవాలి.

తెరిచే ముందు ప్లగ్గు పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి మిగిలిన కరెంటు పోనివ్వాలి. ఇనుప చట్రాన్ని ఓసారి ముట్టుకుంటే చేతిలోని స్టాటిక్ కరెంటు పోతుంది. ర్యామ్ పక్కనున్న క్లిప్పులు వెనక్కి నెట్టి, పలకను అంచులు పట్టుకుని తీయాలి. పట్టీల మీద మసక మచ్చలుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవాలి. స్లాట్‌లోని దుమ్మును మెత్తని కుంచెతో దులపాలి. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పులు టక్కుమని పడేదాకా రెండు చివరలూ సమానంగా నొక్కాలి. రెండు పలకలుంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాట్ మారుస్తూ చూడాలి. బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ 3 ఓల్టులది. ప్లగ్గు తీసి ఉండగానే దాన్ని కొద్దిసేపు బయటికి తీసి పెడితే చాలా బోర్డుల్లో తప్పుడు సెట్టింగులు చెరిగిపోతాయి.

మచ్చలు పోవడానికి ర్యామ్ పట్టీలను ఎరేజర్‌తో రుద్దితే బంగారు పూత అరిగిపోదా అని నిపుణులు అడుగుతారు. అరుగుతుంది. అందుకే మొదట తీసి పెట్టి చూడటం, తర్వాత ఆల్కహాల్, అప్పటికీ లొంగకపోతేనే మెత్తని తెల్ల ఎరేజర్‌తో తేలిగ్గా ఒకసారి. ఇలా బాగైనది మళ్లీ మొరాయిస్తుంది కదా అనేది మరో అభ్యంతరం. మొరాయించవచ్చు, ఎందుకంటే గాలి మారలేదు. పెట్టెను నేల మీద నుంచీ కిటికీ పక్క నుంచీ జరిపి, వానాకాలంలో తరచూ కాసేపు నడిపితే లోపలి వేడికి చెమ్మ నిలవదు.

అన్నీ అతుకుల లోపాలే అనుకోవడమూ పొరపాటే. మదర్‌బోర్డ్ మీద గుండ్రటి కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి. అది ఉబ్బినా, జిగురులా ఏదైనా కారినా అక్కడ తుడుపు పనిచేయదు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో తయారైన ఎన్నో బోర్డుల్లో ఇలాంటి నాసిరకం కెపాసిటర్లు పడ్డాయి. ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానముంటే వేరేది తగిలించి చూడాలే తప్ప దాన్ని విప్పకూడదు. దానిలోని పెద్ద కెపాసిటర్లలో 300 ఓల్టులకు పైగా కరెంటు ప్లగ్గు తీశాక కూడా నిలిచి ఉండొచ్చు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కదా, ఇంత పాతదానికి ఈ శ్రమ ఎందుకని అడిగేవారికి జవాబు ఉంది. లెక్కలు రాసుకోవడానికి, పిల్లల టైపింగ్‌కు తేలికపాటి లినక్స్‌తో అదే పెట్టె సరిపోతుంది. అదీ వద్దనుకున్నా హార్డ్‌డిస్క్‌లో ఏళ్ల నాటి ఫొటోలు, బిల్లులు ఉంటాయి. డిస్‌ప్లే రానంత మాత్రాన అవి పోవు. నిజంగానే పనికిరాదని తేలితే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్లకు చేర్చాలి. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది, పాత ఇనుము బండికి వేయకూడదు. మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా "డిస్‌ప్లే లేదు" అని ఊరుకోకుండా, నమ్‌లాక్ లైటు వెలిగిందో లేదో, ఏ ర్యామ్ ఏ స్లాట్‌లో పెట్టి చూశారో చెప్పండి. అన్నీ చూసి వచ్చిన మనిషికి మంచి భాగాన్ని మార్చి బిల్లు వేయడం ఎవరికైనా కష్టం.