రాతి ధూళితో సిలికోసిస్ ముప్పు - గ్రానైట్ కార్మికుల చట్టబద్ధ హక్కులు

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు పత్తి వ్యాపారానికి, చేనేతకు ప్రసిద్ధి చెందినవి. ఇతర పట్టణాలలో వలెనే ఇక్కడ కూడా వంటగదుల గట్లకు గ్రానైట్ పలకలను కోసి, అంచులు నునుపు చేసి అమర్చే పని చిన్న చిన్న కేంద్రాలలో సాగుతున్నది. ఈ పనిలో వెలువడే సన్నని ధూళి, సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల వ్యాధికి దారితీస్తుంది. ఈ వ్యాధి బారిన పడిన కార్మికునికి చట్టం పరిహార హక్కు కల్పించింది. అయితే వ్యాధికి, వృత్తికి గల సంబంధం నమోదైనప్పుడే ఆ హక్కు అక్కరకు వస్తుంది.

రాయిని బట్టి ప్రమాదం

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది. సున్నపురాయిలో సిలికా సాధారణంగా తక్కువ. గ్రానైటులో స్ఫటిక సిలికా సుమారు 20 నుంచి 45 శాతం వరకు ఉంటుంది. కృత్రిమ క్వార్ట్జ్ పలకలలో 90 శాతానికి మించి ఉండవచ్చు. ఈ కారణంగానే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి కృత్రిమ రాతి పలకలను నిషేధించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే స్ఫటిక సిలికా ధూళిని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది.

క్షయగా పొరబడే అవకాశం

కంటికి కనిపించని సూక్ష్మ కణాలు ఊపిరితిత్తుల లోతుకు చేరి, అక్కడి కణజాలాన్ని గట్టిపరుస్తాయి. వ్యాధి సాధారణంగా పదేళ్లకు పైబడి బయటపడుతుంది. ధూళి తీవ్రంగా ఉన్నచోట కొద్ది సంవత్సరాలలోనే రావచ్చును. దగ్గు, ఆయాసం, బరువు తగ్గుట వంటి లక్షణాల వలన దీనిని క్షయగా పొరబడుట పరిపాటి. పైగా సిలికా ధూళి క్షయ సోకే అవకాశాన్ని కూడా పెంచుతుంది. కేవలం క్షయగా నమోదైన రోగి వృత్తి వ్యాధి పరిహారానికి దూరమవుతాడు. అందువలన "ఏ పని చేస్తున్నారు? ఎన్నేళ్లుగా?" అని వైద్యుడు అడిగి, సమాధానాన్ని చీటీలో వ్రాయుట చికిత్సకే గాక న్యాయానికి సైతం ఆధారమవుతుంది.

చట్టం ఏమంటున్నది

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత స్మృతి మూడవ షెడ్యూలులో సిలికోసిస్ ఉన్నది. ఈ వ్యాధిని గుర్తించిన వైద్యుడు సంబంధిత అధికారికి తెలియజేయవలెను. స్మృతి పరిధిలోని యజమాని ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వవలసి ఉన్నది.

1923 నాటి పరిహార చట్టం స్థానంలో సామాజిక భద్రత స్మృతి వచ్చింది. బీమా పరిధిలో ఉన్న కార్మికునికి ఈఎస్ఐ ద్వారా, ఇతరులకు ఈ స్మృతి షరతుల మేరకు యజమాని ద్వారా ప్రయోజనం లభిస్తుంది. పరిహార దరఖాస్తు సాధారణంగా రెండేళ్లలోగా సమర్పించవలెను. కార్మికుల ఆరోగ్య హక్కు జీవించే హక్కులో అంతర్భాగమని సుప్రీంకోర్టు 1995లో స్పష్టం చేసింది.

ఆధారాలు, నివారణ

చిన్న కేంద్రాలలో హాజరు పట్టీ లేకపోవుటయే ప్రధాన అవరోధం. కూలి చెల్లింపు రసీదులు, బ్యాంకు ఖాతా వివరాలు, వృత్తిని పేర్కొన్న ఈ-శ్రమ్ కార్డు, పాత ఎక్స్-రేలు భద్రపరచుకొనుట అవసరం.

నివారణకు రాయిని పొడిగా కోయరాదు. కోత సమయంలో బ్లేడుపై నిరంతరం నీరు పడవలెను. వెలువడే ధూళిని యంత్రంతో పీల్చివేయవలెను. పొడి చీపురుతో ఊడ్చరాదు. ముఖానికి కట్టుకొనే గుడ్డ సూక్ష్మ కణాలను ఆపలేదు. ముఖానికి సరిగా అమరే తగిన శ్వాస రక్షక సాధనం కూడా ఈ ఏర్పాట్లకు అదనమే గాని ప్రత్యామ్నాయం కాదు. గట్టిపడిన ఊపిరితిత్తులను మరల మామూలుగా చేయగల మందు లేదు గనుక, నీటి గొట్టానికి అయ్యే స్వల్ప వ్యయమే కార్మికుని ప్రాణానికి రక్షణ.