రైలు విడిచిన దారి ఎవరిది?

మెదక్ జిల్లా మనోహరాబాద్ నుండి గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్లల మీదుగా కరీంనగర్ సమీపంలోని కొత్తపల్లి దాకా సుమారు 151 కిలోమీటర్ల కొత్త రైలుమార్గం నిర్మాణమవుతున్నది. 2016 ఆగస్టు 7న దానికి శంకుస్థాపన జరిగింది. సిద్దిపేట నుండి సికింద్రాబాదుకు ప్రయాణికుల రైలు మొదలైంది 2023 అక్టోబరు 3న. సగం దారికే ఏడేళ్ళు పట్టిందంటే ఆశ్చర్యం లేదు. రైలుమార్గమంటే పట్టాలు, కంకర మాత్రమే కాదు. ఒక రైతు పొలంలో ఒక చీలిక, మరొకరి మామిడితోటలో ఒక అంచు, ఇంకొకరి బావి గట్టు, ఇలా వందలాది మంది నుండి సేకరించి కుట్టిన సన్నని, పొడవైన నేల అది. ఎక్కడ ఒక్క ముక్క తెగినా మిగిలినదంతా దారి కాకుండా పోతుంది.

కొత్త మార్గం వేస్తున్న చోట పాడుబడిన మార్గాల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ నేలను ఒకచోట చేర్చడం ఎంత కష్టమో కళ్ళారా చూస్తున్నవారికే దానిని పోగొట్టుకుంటే కలిగే నష్టం అర్థమవుతుంది. ఒక లైను మూతపడగానే మొదట పట్టాలు పోతాయి, తరువాత కంకర పోతుంది, ఆపైన ఎవరికి వారు కంచె జరుపుకుంటారు. పదేళ్ళలో అక్కడ దారి ఉండేదని చెప్పేవారు కూడా మిగలరు.

తెలుగునేల మీద ఈ ప్రశ్న నేడు సూటిగా ఎదురవుతున్నది రాజమహేంద్రవరంలో. అక్కడ గోదావరి మీద నిలిచిన హావెలాక్ వంతెన పనులు 1897లో మొదలై 1900లో ముగిశాయి. నాటి మద్రాసు గవర్నర్ పేరును దానికి పెట్టారు. రాతి స్తంభాలపై 56 ఇనుప కమ్మీలతో, రెండున్నర కిలోమీటర్లకు మించిన పొడవుతో, మద్రాసు, హౌరాల మధ్య రాకపోకలను అది శతాబ్దం పాటు మోసింది. 1974లో రైలు, రోడ్డు కలిసిన వంతెన, ఆ తరువాత ఆర్చి వంతెన వచ్చాయి. 1997లో పాతదానికి విశ్రాంతి దొరికింది. ఆ ఇనుమును తుక్కు కింద అమ్మే ఆలోచన కూడా ఒక దశలో సాగింది. ఊరివారు ఒప్పుకోలేదు. చివరికి 2025 జూన్ 26న ‘అఖండ గోదావరి’ పేరిట సుమారు 94 కోట్ల రూపాయల పనులకు శంకుస్థాపన జరిగింది. ఈ వంతెనను సందర్శకులు నడిచే విహారస్థలంగా తీర్చిదిద్దడం అందులో ముఖ్యమైన భాగం. ఇది హర్షించదగిన నిర్ణయం.

ఇతర దేశాలలో ఈ పని ఎప్పుడో మొదలైంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1960లలోనే ఎల్రాయ్, స్పార్టా ఊళ్ళ మధ్య మూతపడిన లైనును సైకిలు బాటగా మార్చారు. 1983లో అక్కడి చట్టసభ ఒక తెలివైన ఏర్పాటు చేసింది. రైలు నడవని మార్గాన్ని ముక్కలు కానివ్వకుండా బాటగా ఉంచవచ్చు, రేపు అవసరమైతే మళ్ళీ పట్టాలు వేసుకోవచ్చు. న్యూయార్క్‌లో ఇళ్ళ నడుమ ఎత్తున నిలిచిన పాత సరకు రవాణా మార్గం మీద 2009 నుండి జనం నడుస్తున్నారు. అంత ఖరీదైన నగరంలోనూ దానికి ప్రవేశ రుసుము లేదు. ఈ ఒక్క సంగతిని మన పర్యాటక శాఖలు గుర్తుంచుకుంటే చాలు.

మన ఫిఖహ్ గ్రంథాలలో దారికి సంబంధించిన చర్చ విస్తారంగా ఉన్నది. హనఫీ పండితులు సార్వజనిక మార్గాన్ని ‘తరీఖె ఆమ్’ అన్నారు. దానిలోకి ఎవరైనా తన ఇంటి చూరునో, తూమునో పొడిగిస్తే దారిన పోయే సామాన్యుడు కూడా అభ్యంతరం చెప్పి తొలగింపజేయవచ్చునని ‘హిదాయా’లో వివరించబడింది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు గనుక అందరికీ అడిగే హక్కు ఉన్నది. మహాప్రవక్త (స) దారిలోని హానికర వస్తువును తొలగించడాన్ని విశ్వాస శాఖలలో ఒకటిగా లెక్కించారు. దారిపై కూర్చునేవారు దాని హక్కు చెల్లించాలన్నారు. చూపు దించుకోవడం, ఎవరినీ బాధపెట్టకపోవడం, సలాముకు జవాబివ్వడం ఆ హక్కులలోనివే. విహారస్థలాలకు వెళ్ళే మన యువకులకు ఈ పాఠం ఇంట్లోనే చెప్పి పంపాలి.

రైలు విడిచిన దారి విషయంలో ముస్లిముల హృదయానికి దగ్గరైన ఉదాహరణ హిజాజ్ రైల్వే. సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ కాలంలో, హావెలాక్ వంతెన పూర్తయిన 1900లోనే దాని పని ప్రారంభమైంది. 1908కి దమస్కస్ నుండి మదీనా దాకా సుమారు 1,300 కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఒంటెల బిడారులకు నలభై రోజులు పట్టే దూరాన్ని హాజీలు కొద్ది రోజులలో దాటగలిగారు. లోకమంతటి ముస్లిములు విరాళాలిచ్చారు. హైదరాబాదులో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఆ నిధికై శ్రమించారు. వక్ఫ్‌గా భావించబడిన ఆ మార్గం మొదటి ప్రపంచ యుద్ధంలో ధ్వంసమై, దక్షిణ భాగం ఇసుకలో నిలిచిపోయింది. మదీనాలోని అంబరియా స్టేషన్ మాత్రం నేడు మ్యూజియంగా ఉన్నది. ఉమ్రాకు వెళ్ళినవారు వీలు చేసుకుని చూడవలసిన చోటు. అయినా ఒక బాధ మిగులుతుంది. స్టేషన్ నిలిచింది, దారి నిలవలేదు. భవనాన్ని కాపాడడం సులువు. వందల కిలోమీటర్ల సన్నని నేలను కాపాడడానికి చట్టం కావాలి, కాపలా కావాలి.

ఇక మన ఇళ్ళ సంగతి. మధుమేహం, మోకాళ్ళ నొప్పులు లేని కుటుంబం నేడు అరుదు. రోజూ నడవమని వైద్యుడు చెబుతాడు. ఎక్కడ నడవాలో చెప్పడు. మనోహరాబాద్ ప్రాంతపు స్త్రీలు 44వ జాతీయ రహదారి అంచున లారీల మధ్య నడవాలా? పర్దా పాటించే తల్లికి, ఊతకర్ర పట్టుకున్న నాన్నగారికి, చక్రాల కుర్చీలోని బిడ్డకు వాహనాలు రాని చదునైన బాట కావాలి. రైలు దారికి ఆ గుణం సహజంగా ఉంటుంది. బరువైన బండ్లు నిటారు ఎత్తులు ఎక్కలేవు గనుక దాని వాలు ఎప్పుడూ మెల్లగానే ఉంటుంది. డబ్బు పోసి కొత్తగా వేసిన పార్కులలో కూడా ఈ సౌఖ్యం కనిపించదు.

అందుచేత హావెలాక్ వంతెన విషయంలో రాజమహేంద్రవరం, కొవ్వూరు వాసులు ఇప్పుడే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. నడకకు రుసుము ఉండరాదు. ఫజ్ర్ తరువాతి గంటలోనే తలుపు తీయాలి, ఎందుకంటే మన స్త్రీలకూ వృద్ధులకూ అదే అనువైన వేళ. కమ్మీల పక్కన పిల్లలు జారిపోనంత ఎత్తున కంచె, మధ్య మధ్య కూర్చునే చోటు, రెండు చివరలా మరుగుదొడ్లు, వుజూకు నీరు ఉండాలి. దుకాణాలు వంతెన బయటే ఉండాలి. పనులు పూర్తయ్యాక అడిగితే గుత్తేదారు కాగితం చూపిస్తాడు.