ఆపదను చూచిన మనస్సు

మన పాఠశాల పిల్లల తండ్రులలో కొందరు రైలింజను నడుపువారు. వేగముగా పోవు రైలు బ్రేకు వేసినను వెంటనే నిలువదు. పట్టాలపై మనిషి పడినచో, దోషము తనది కాకున్నను ఆ దృశ్యము డ్రైవరును నిద్రలో సైతము వెంటాడును. ఇది పిరికితనము కాదు.

అట్టివానిని వెంటనే తిరిగి ఇంజను ఎక్కింపక, పై అధికారులు విశ్రాంతి నీయవలెను. జరిగినదెల్ల చెప్పుమని నిర్బంధింపరాదు. తానై చెప్పునప్పుడు ఓర్పుతో వినవలెను. నిద్రకై తొలి నెలలో బెంజోడయజిపైన్ మాత్రలు వలదని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. పెక్కురు క్రమముగా కుదుటపడుదురు. నెల దాటినను పీడకలలు, ఉలికిపాటు తగ్గనిచో వైద్యుని చూడవలెను. 2022లో ఆరంభమైన టెలీ-మానస్ 14416 ఫోనులో తెలుగునను సలహా లభించును.

తల్లులకు మేము చేయు మనవి ఒక్కటి: తండ్రి మౌనమునకు తామే కారణమని పిల్లలు తలపకుండ, ఆయన మనస్సునకు తగిలిన దెబ్బను వారికి మెల్లగా తెలుపుడు.