చుట్ట నిప్పు, బ్యాటరీ నిప్పు – పాడిరైతు తెలుసుకొనవలసిన సంగతులు



దాళ్వా నూర్పిళ్ళు పూర్తయి గడ్డిమేట్లు లేచే రోజులలో సంఘాలకు వెళ్ళినపుడల్లా "మకాంలో నిప్పు జాగ్రత్త" అని చెప్పడం మాకు అలవాటు. ఇప్పుడు ఆ మాటకు మరొక ముక్క చేర్చవలసి వచ్చినది. రావులపాలెం ప్రాంతంలో ఒక సంఘపు మహాజన సభలో ఒక యువ సభ్యుడు లేచి, "ఇనస్పెక్టరు గారూ, చుట్టలూ బీడీలూ మానేసి బ్యాటరీ సిగరెట్టు పట్టుకుంటే నిప్పు భయం ఉండదంటున్నారు, నిజమేనాండీ?" అని అడిగినాడు. పెద్దలు నవ్వినారు. కాని అది నవ్వి వదలవలసిన ప్రశ్న కాదు. ఆనాడు క్లుప్తంగా చెప్పిన సమాధానమే ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాము.

నిద్రపోయే నిప్పు

సిగరెట్టు పీల్చినపుడు దాని నిప్పుమొన వద్ద వేడి దాదాపు 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోతుంది. ఎండిన వరిగడ్డి రాజుకోవడానికి అందులో సగం కూడా అవసరం లేదు. తునికాకు బీడీ పీల్చకుండా ఉంచితే త్వరగా ఆరిపోతుంది, నిజమే. కాని అప్పుడే దమ్ము లాగి విసిరిన బీడీలో గడ్డిపరకను అంటించగల నిప్పు ఉండనే ఉంటుంది. సిగరెట్టు అయితే ఎవరూ పీల్చకపోయినా చివరి వరకు తానే కాలుతుంది. ఈ కారణంగానే న్యూయార్క్ రాష్ట్రంలో 2004 నుండి, ఐరోపా యూనియన్ దేశాలలో 2011 నుండి, పీల్చకపోతే తనంత తానే ఆరిపోయే విధంగా చేసిన సిగరెట్లనే అమ్మాలని నియమం వచ్చినది.

గడ్డిలో పడిన నిప్పు వెంటనే మండదు. మేటు లోపల గాలి తక్కువ కాబట్టి మంట లేకుండా పొగలుతూ గంటల తరబడి లోలోపల ప్రాకుతుంది. రాత్రి గాలి తిరిగినప్పుడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. సాయంత్రం పాలు పితికే వేళ విసిరిన పీక అర్ధరాత్రి పాకను కాలుస్తుంది. అందుచేత విసిరినవానికి తాను చేసిన పని ఎన్నటికీ తెలియకపోవచ్చును.

చెత్తలో పడిన చిన్న నిప్పు ఎంత పని చేయగలదో ప్రపంచం 1985 మే 11న చూసినది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఫుట్‌బాల్ ఆట జరుగుతుండగా, కొయ్యతో కట్టిన ప్రేక్షకుల గ్యాలరీ క్రింద పేరుకొన్న చెత్త అంటుకొని 56 మంది చనిపోయినారు. బల్లల సందులోనుండి జారిన అగ్గిపుల్ల గాని సిగరెట్టు గాని కారణమై ఉంటుందని విచారణలో తేలినది. మంట పెద్దదయిన తరువాత గ్యాలరీ అంతటా వ్యాపించడానికి కొద్ది నిమిషాలే పట్టినది. మన తాటాకు పాకకు, చుట్టూ రాలిన కొబ్బరి మట్టలకు అంతసేపు కూడా పట్టదు.

పద్దులో ఖాళీ గళ్ళు

కొన్ని సంవత్సరాల క్రితం ఒక లంక గ్రామపు సంఘంలో పద్దులు తనిఖీ చేస్తుండగా, పూటకు 6 లీటర్లకు తగ్గకుండా పోసే ఒక సభ్యుని పేరు ఎదుట గళ్ళు ఒక తేదీ నుండి ఖాళీగా ఉండడం గమనించినాము. పాలు ప్రైవేటు వారికి పోస్తున్నాడేమోనని కార్యదర్శిని అడిగినాము. ఆయన మాట్లాడకుండా మమ్ములను ఆ మకాం వద్దకు తీసికొనిపోయినారు. అక్కడ నాలుగు మాడిన రాటలు మాత్రం ఉన్నవి.

చుట్టపుచూపుగా వచ్చినవారెవరో సాయంత్రం అక్కడ కూర్చుని చుట్ట కాల్చినారట. అర్ధరాత్రి పాక అంటుకొన్నది. ఒక గేదె పలుపు కాలి తెగడంతో బయటపడినది గాని పొదుగు కాలిపోయినది. రెండవది కట్టుకొయ్య వద్దనే చనిపోయినది. పలుపు విప్పబోయిన ఇల్లాలికి రెండు చేతులూ కాలినవి. ముడి బిగుసుకొని ఊడి రాలేదని ఆమె మాతో చెప్పినది. భీమా గడువు రెండు నెలల క్రితమే దాటిపోయినది; తరువాత కట్టవచ్చునని వాయిదా వేసినారు.

మేమూ ఒకప్పుడు పాలకేంద్రం అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చినవారమే. ఆ రాటలను చూసిన తరువాత ఆ అలవాటు మానినాము.

అన్ని ప్రమాదాలూ చుట్టవల్లనే అని మేము అనడం లేదు. దోమలకు వేసే పొగ, అతుకుల విద్యుత్ తీగ కూడా పాకలను కాల్చినవి. కాని పొగ వేసినవారు దానిని కనిపెట్టి చూస్తారు. విసిరిన పీకను ఎవరూ చూడరు.

బ్యాటరీ సిగరెట్టు సంగతి

ఇందులో పొగాకు కాలదు. లిథియం బ్యాటరీ ఒక చిన్న తీగ చుట్టను వేడిచేస్తుంది. ఆ వేడికి నికోటిన్ కలిపిన ద్రవం ఆవిరి అవుతుంది. నిప్పురవ్వ లేదు, బూడిద లేదు, విసిరే పీక లేదు. కాబట్టి గడ్డిమేటు విషయంలో మాత్రం ఆ యువ సభ్యుని మాటలో కొంత నిజం కలదు.

అయితే ఇందులో ప్రమాదం బ్యాటరీలో ఉన్నది. దెబ్బ తగిలినా, నాసిరకం చార్జరు పెట్టినా, జేబులో తాళంచెవులు, చిల్లర నాణేలు విడి బ్యాటరీ రెండు కొసలకూ తగిలినా లోపల వేడి పుడుతుంది. ఆ వేడి మరింత వేడిని పుట్టిస్తుంది. క్షణాలలో బ్యాటరీ ప్రేలి మంట చిమ్ముతుంది. అమెరికాలో 2009 నుండి 2016 వరకు పత్రికలకెక్కిన ఇటువంటి సంఘటనలు 195 అనీ, గాయపడినవారు 133 మంది అనీ అక్కడి అగ్నిమాపక పాలనాశాఖ లెక్క కట్టినది. వీటిలో సుమారు మూడింట ఒక వంతు వస్తువు గాని బ్యాటరీ గాని జేబులో ఉండగా జరిగినవే. తొడ కాలుతుంది, నోటిలో ఉంటే ముఖం కాలుతుంది. ఆ కాలుకు మంటతో బాటు రసాయనం కూడా తోడవుతుంది.

పైగా మన దేశంలో ఇది నిషిద్ధ వస్తువు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి అదే సంవత్సరం డిసెంబరులో చట్టమైనది. అమ్మినవారికి మొదటి తప్పుకు ఒక సంవత్సరం వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. దొంగచాటుగా వచ్చే సరుకులో బ్యాటరీ ఎటువంటిదో, ఏ పరీక్షకు నిలిచినదో కొనేవానికి తెలిసే దారి లేదు.

కనుక మా సమాధానం ఇది: చుట్ట ఇంటినీ గొడ్డునూ కాలుస్తుంది, బ్యాటరీ సిగరెట్టు ముందుగా పట్టుకొన్న మనిషిని కాలుస్తుంది. ఒకదాని భయానికి రెండవదానిని తెచ్చుకోవడం పెనం మీదనుండి పొయ్యిలో పడడమే. రెండూ మానడమే క్షేమము. మానలేనివారు మకాం గట్టు దాటి వెళ్ళి కాల్చుకోవలెను.

మరొక మాట. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లాలో, నిప్పు ఉన్న కొస నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు కలదు. దానివలన బయట ఏదీ అంటుకోదని కొందరంటారు. కాని ఆ వేడికి అంగిలి కాలి పుండ్లు పడతాయనీ, అవి క్యాన్సరుకు దారి తీయవచ్చుననీ 1971లో ప్రకటించిన పరిశోధనలో దంతవైద్య నిపుణులు 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి వివరించినారు. నిప్పును దాచినంత మాత్రాన అది కాల్చడం మానదు.

పాలకేంద్రంలోను, గోబర్ గ్యాసు వద్దను

గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం చూసే కేంద్రాలలో ఎమైల్ ఆల్కహాల్ సీసా ఉంటుంది. అది మండే ద్రవం. పాలు విరుగునో లేదో చూసే స్పిరిట్ కూడా అంతే. పరీక్ష బల్ల వద్ద బీడీ ముట్టించడం అగ్గితో ఆటలాడడమే. పదిమంది వచ్చిపోయే కేంద్రంలో పొగత్రాగడం చట్టరీత్యా కూడా తప్పు. 200 రూపాయల వరకు జరిమానా కలదు.

గోబర్ గ్యాసు గొట్టాల విషయంలో కోనసీమవారికి వేరే చెప్పనవసరం లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో భూమిలోని గొట్టం నుండి వెలువడిన గ్యాసు అంటుకొని 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. అది పొగత్రాగడం వలన జరిగినది కాదు. కాని కారిన గ్యాసు ఏ నిప్పునైనా అందుకొంటుందని ఆనాడు చూసినాము. వాసన వచ్చినచోట అగ్గిపుల్ల గీయరాదు.

విద్యుత్ స్కూటర్లు, బ్యాటరీ స్ప్రేయర్లు వాడేవారు కూడా జాగ్రత్త పడవలెను. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణం ఉన్న భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో 8 మంది చనిపోయినారు. పశువుల పాకలో బ్యాటరీకి చార్జింగు పెట్టకండి.

సభ్యులు పాటించవలసినవి

1. గడ్డిమేటును పాకకు, పొయ్యికి, విద్యుత్ తీగకు దూరంగా వేయండి. చుట్టూ ఎండుటాకులు, పీచు ఊడ్చివేయండి.

2. మకాం వద్ద ఇసుక పోసిన కుండ ఒకటి ఉంచండి. వచ్చినవారి చుట్ట, బీడీ అందులోనే ఆర్పించండి. చుట్టాలకు చెప్పడానికి మొగమాటపడకండి.

3. పశువును ఒక్క లాగుతో ఊడివచ్చే ముడితో కట్టండి. పాకలో తొట్టి నిండా నీరు, బొక్కెన ఉంచండి.

4. పశువుల భీమా గడువు తేదీని పాసుపుస్తకం అట్టమీద వ్రాసికొనండి.

5. బ్యాటరీ వస్తువు వేడెక్కినా, ఉబ్బినా గడ్డికి దూరంగా కటిక నేలమీద పడవేసి దండిగా నీరు పోయండి.

6. ఒంటిమీద బట్టలు అంటుకొంటే పరుగెత్తవద్దు. నేలమీద పడి దొర్లండి. కాలినచోట 20 నిమిషాలు చల్లని నీరు ధారగా పోయండి. వెన్న, పెరుగు, పేస్టు పూయవద్దు. అతుక్కొన్న బట్ట పీకవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసికొనిపోండి.

7. అగ్నిమాపక కేంద్రానికి 101, మనుషుల అంబులెన్సుకు 108, పశువుల అంబులెన్సుకు 1962. ఈ మూడు నంబర్లు కేంద్రం గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాయించండి. పొగ పీల్చిన పశువు పైకి బాగున్నట్లు కనిపించినా డాక్టరుకు చూపించండి.

పాలకవర్గాలు రానున్న సమావేశంలో కేంద్రం ఆవరణలో పొగత్రాగరాదని తీర్మానించి అమలుపరచవలెనని కోరుతున్నాము. ఈసారి తనిఖీకి వచ్చినపుడు పద్దులతో బాటు మకాం వద్ద ఇసుక కుండలు, కట్టు ముడులు కూడా చూస్తాము.