పిల్లల మోచేతి ఎముక విరిగినప్పుడు

పిల్లలు పరుగులెత్తుట, చెట్లెక్కుట, పడుట సహజము. పడునపుడు పిల్లవాడు తనను కాపాడుకొనుటకై చేయి చాచి నేల కానించును. శరీరపు బరువంతయు ఆ చేతి మీదుగా మోచేతికి చేరును. మోచేతికి కొంచెము పైన దండచేతి ఎముక వెడల్పై, పలుచబడి యుండును. ఎముక ఆ పలుచని చోటనే విరుగును. పిల్లల మోచేతి దెబ్బలలో తరచుగా కనబడు విరుగుడు ఇదియే. 5 మొదలు 7 ఏండ్ల వయస్సున ఇది హెచ్చు.

అసలు అపాయమెక్కడ?

చిన్నపిల్లల ఎముక త్వరగా అతుకుకొనును. అంతకంటె ముందుగా చూడవలసినది చేతికి రక్తము అందుచున్నదా యనునది. విరిగిన చోటికి మిక్కిలి చేరువగా, ముంజేతికి రక్తమును కొనిపోవు పెద్ద ధమనియు, వ్రేళ్లను కదలించు నరములును సాగుచున్నవి. ఎముక కొన వానిని నొక్కవచ్చును. అదియుగాక వాపు పెరిగిన కొలది ముంజేతిలోపల ఒత్తిడి హెచ్చును. పైన బిగుతైన కట్టున్నచో వాపునకు చోటు చాలక, కండరములకు రక్తము అందదు. ఇట్లు సుమారు 6 గంటలు గడచినచో కండరములు తిరిగి కోలుకొనజాలనంతగా చెడిపోవచ్చును. చెడిన కండరము నారవలె గట్టిపడి ముడుచుకొనగా వ్రేళ్లు కొంకర్లు పోవును. జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ వోల్క్‌మన్ 1881లో ఈ వైకల్యమును వివరించెను. నేటికిని వైద్యులు దీనిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు.

కావుననే వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టించుట ప్రమాదకరము. కట్టువాడు ఎంత అనుభవశాలి యైనను, ఆ రాత్రి వాపు ఎంత పెరుగునో ముందుగా చెప్పజాలడు.

దెబ్బ తగిలిన వెంటనే

చేతిని లాగరాదు, చాపరాదు, మర్దన చేయరాదు. ఏ తీరున నున్నదో ఆ తీరుననే ఉంచి, మెత్తని బట్ట చుట్టిన అట్టపై ఆనించి, వదులుగా కట్టవలెను. గాజులు, ఉంగరములు, చేతితాళ్లు వాపు రాకముందే తీసివేయవలెను. మత్తుమందు ఈయవలసి రావచ్చును గనుక, వైద్యుడు చెప్పువరకు తినుటకు గాని త్రాగుటకు గాని ఏమియు ఈయరాదు. ఆలస్యము లేక ఎక్స్-రే సదుపాయమున్న ఆసుపత్రికి చేర్చవలెను.

ఆసుపత్రిలో

ఎముక విరిగియు ముక్కలు తొలగనిచో, సుమారు 3 వారములు పిండికట్టు చాలును. ముక్కలు బాగుగా తొలగినచో మత్తుమందిచ్చి, సాధారణముగా చర్మమును కోయకయే వానిని సరిచేసి, ఎక్స్-రే తెరపై చూచుచు సన్నని ఉక్కు తీగలను గ్రుచ్చి నిలుపుదురు. తీగలు ఎముకను పట్టియుంచును గనుక మోచేతిని మిక్కిలిగా మడచి కట్టవలసిన అవసరముండదు. రక్తప్రసారమునకు ఆటంకము తగ్గును. 3, 4 వారముల తరువాత తీగలను తీసివేయుదురు.

ఇంటివద్ద

మొదటి రెండు దినములు మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను. చేతిని దిండుపై ఎత్తుగా నుంచి, పగలును రాత్రియు వ్రేళ్లను చూచుచుండవలెను. గోరును నొక్కి విడిచినపుడు 2 సెకండ్లలో ఎరుపు తిరిగి రావలెను. క్రింది గురుతులలో ఏ ఒక్కటి కనబడినను అపాయమే:

మందిచ్చినను తగ్గక అంతకంతకు పెరుగు నొప్పి;

వ్రేళ్లను మెల్లగా చాపినంతనే పిల్లవాడు కేకలు వేయుట;

వ్రేళ్లు పాలిపోవుట, నీలమగుట, చల్లబడుట;

తిమ్మిరి, స్పర్శ తెలియకుండుట, వ్రేళ్లు కదలకుండుట.

అట్టి సమయమున తెల్లవారువరకు వేచియుండరాదు. ఇంట కట్టిన బట్టకట్టయినచో తక్షణమే వదులు చేయవలెను. పిండికట్టయినచో ఆ గంటలోనే ఆసుపత్రికి కొనిపోవలెను. పసిపిల్లలు నొప్పిని మాటలలో చెప్పలేరు. ఎంత లాలించినను ఏడ్పు మానకుండుటయే వారు చెప్పు తీరు.

కట్టు విప్పిన పిదప

మోచేయి కొంతకాలము బిగిసియుండును. నూనెతో మర్దించుట, బలవంతముగా చాపుట, బరువులు మోయించుట కూడదు. అందువలన కండరములో ఎముక పెరిగి కీలు మరింత బిగియవచ్చును. పిల్లవాడు ఆటలలో, అన్నము తినుటలో తనంతట తాను చేతిని వాడుకొనుచుండగా, కదలిక కొన్ని వారములలో, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలలో తిరిగి వచ్చును. చేయి వంకరగా అతికినట్లు తోచినచో వైద్యునికి చూపవలెను.