టక్... టక్... గుర్రం పరుగులో లెక్క

హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట ఉంది. అక్కడ ఏ.సి. అంటే గదిని చల్లబరిచే యంత్రం కాదు, ‘ఆఫ్రికన్ కావల్రీ’. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సంతతివారైన సిద్దీలతో ఒక దళాన్ని ఏర్పరచాడు. అది తరువాత నిజాం కొలువులో చేరింది. ఆ ఆశ్వికుల పేరే ఆ పేటకు నిలిచింది.

అశ్వదళం దూరప్రయాణం చేయాలంటే ఎలా? దౌడు తీస్తే గుర్రం త్వరగా అలసిపోతుంది. నడిపిస్తే పొద్దు గూకుతుంది. అందుకే రౌతులు ఈ రెండింటికీ మధ్యనున్న పరుగును ఎన్నుకుంటారు. దానినే ‘ట్రాట్’ అంటారు. అమరకోశం చెప్పిన అయిదు అశ్వగతులలో ‘ధౌరితకం’ ఇటువంటిదే. దీని వేగం గంటకు సుమారు 13 కిలోమీటర్లు.

గుర్రం నడిచేటప్పుడు నాలుగు కాళ్ళూ ఒకదాని తరువాత ఒకటిగా నేలను తాకుతాయి. నాలుగు చప్పుళ్ళు వినిపిస్తాయి. ట్రాట్‌లో వినిపించేవి రెండే. ఎందుకు? ఒక ప్రయోగం చేసి చూడండి. మీ స్నేహితుని వెనుక నిలబడి అతని భుజాలు పట్టుకోండి. అతడు కుడికాలు వేసినప్పుడు మీరు ఎడమకాలు వేయండి, అతడు ఎడమకాలు వేసినప్పుడు మీరు కుడికాలు వేయండి. ఇద్దరూ కలిసి ఒక గుర్రమయ్యారు! ట్రాట్‌లో ఇలాగే ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా నేలను తాకుతాయి.

ఒక జంట లేచి రెండవ జంట దిగేలోగా గుర్రం నాలుగు కాళ్ళూ ఒక్క క్షణం గాలిలోనే ఉంటాయి. ఇది కంటికి అందదు. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఛాయాగ్రాహకుడు కెమెరాలను వరుసగా అమర్చి, పరుగెత్తే గుర్రాలను ఫోటోలు తీసి దీనిని చూపించాడు.

రౌతుకు వచ్చే చిక్కు ఇక్కడే. గుర్రం వీపు పైకి లేచి అతణ్ణి ఎగరేస్తుంది. అతడు కిందికి దిగే సమయానికి వీపు మళ్ళీ పైకి వస్తుంది. బిగుసుకుని కూర్చుంటే రెండూ ఢీకొంటాయి. రౌతు నడుముకూ నొప్పే, గుర్రం వీపుకూ నొప్పే. దీనికి ఉపాయం సులభమైనదే. ఒక జంట దిగినప్పుడు కొద్దిగా లేవాలి, రెండవ జంట దిగినప్పుడు మెల్లగా జీనుపై కూర్చోవాలి. ‘లే, కూర్చో, లే, కూర్చో’ అని మనసులో లెక్కపెట్టుకోవాలి. వీపు ఎగరేసే బలంతోనే లేవాలి గాని కళ్ళెం పట్టుకుని లాగరాదు. లాగితే గుర్రం నోరు నొచ్చుకుంటుంది. మోకాళ్ళు, చీలమండలు స్ప్రింగులవలె వదులుగా ఉండాలి. ఎప్పుడూ ఒకే జంటపై కూర్చుంటే ఆ కాళ్ళమీదే భారం పడుతుంది. కనుక అప్పుడప్పుడు రెండు దెబ్బలపాటు కూర్చుని జంటను మార్చాలి.

ఈ లెక్క స్వారీ చేయనివారికీ పనికివస్తుంది. గద్వాల, నాగర్‌కర్నూలు వైపు పెళ్ళి ఊరేగింపులలో మీరు గుర్రాలను చూసే ఉంటారు. నడకలో దాగిన కుంటు ట్రాట్‌లో బయటపడుతుంది. అందుకే పశువైద్యులు గుర్రాన్ని ట్రాట్‌లో పరుగెత్తించి చూస్తారు. నొప్పి ఉన్న ముందుకాలు నేలను తాకినప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, బాగున్న కాలు తాకినప్పుడు దించుతుంది. అలా తల ఊపే గుర్రం నాట్యం చేస్తున్నదని మురిసిపోకండి. అది తన బాధను చెబుతున్నది. దానిని ఎక్కకండి, యజమానికి ఆ సంగతి చెప్పండి. నోరులేని జీవి మాటను వినడానికి ఆ రెండు చప్పుళ్ళ లెక్క చాలు.