సాగనంపిన తరువాత మనస్సును నిలుపుకొనడం ఎలా?

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైనది. చదువుకో, ఉద్యోగానికో విదేశాలకు వెళ్ళే బిడ్డలను నాటి నుండి మన ఊళ్ళ తల్లిదండ్రులు అక్కడే సాగనంపుతున్నారు. బిడ్డ లోనికి వెళ్ళేంతవరకు పెట్టెల బరువు, పాస్‌పోర్టు, పచ్చళ్ళ సీసాలు, ఇదే ధ్యాస. తిరుగు ప్రయాణంలో ఆరాంఘర్ నుండి మెహదీపట్నం వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. వంతెన దాటి ఇల్లు చేరేసరికి అసలు పరీక్ష మొదలవుతుంది. ఇల్లంతా నిశ్శబ్దం. అన్నం సహించదు, నిద్ర పట్టదు.

శోకము, భయము వాతాన్ని ప్రకోపింపజేస్తాయని ఆయుర్వేద సిద్ధాంతం. వ్యాధిని పెంచే వాటిలో విషాదానిదే అగ్రస్థానమని చరక సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయం చెబుతున్నది. అదే సూత్రస్థానం 7వ అధ్యాయంలో ఒక చక్కని వివేచన కలదు. కన్నీటిని ఆపరాని వేగాలలో చేర్చిన చరకుడు, శోకాన్ని మాత్రం అదుపులో ఉంచుకొనవలసిన వాటిలో చేర్చాడు. అనగా ఏడుపు వస్తే ఏడవవచ్చును, అందులోనే మునిగిపోరాదు. ఆశావహ దృక్పథమంటే ఇదే. కష్టాన్ని కష్టమని ఒప్పుకొని, మన చేతిలో ఉన్న పనిని పట్టుకొనడం.

2020 మార్చి చివరి వారంలో కరోనా వలన విమానాలు నిలిచిపోయాయి. దేశీయ విమానాలు మే 25న తిరిగి మొదలైనా, సాధారణ అంతర్జాతీయ సర్వీసులు 2022 మార్చి 27న గాని పునరుద్ధరింపబడలేదు. అంతవరకు ప్రత్యేక విమానాలే దిక్కు. విమానం ఎప్పుడు వస్తుందన్నది ఏ తల్లి చేతిలోనూ లేదు. ఫోనులో బిడ్డకు తన భయాన్ని చెప్పాలా, మిరియాల చారు కాచే విధానం చెప్పాలా అన్నది మాత్రం ఆమె చేతిలోనే ఉన్నది.

ఆచరించదగినవి

1. ఇద్దరికే వండినా భోజనవేళ తప్పరాదు. వేడి అన్నం, కొద్దిగా నెయ్యి వాతానికి హితకరం.

2. పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళు మర్దించి, జారిపడకుండా తుడుచుకొనవలెను. పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు నూనె వేడిని ముందుగా ఇతరుల చేత చూపించుకొనవలెను. తరువాత గోరువెచ్చని పాలు త్రాగవచ్చును.

3. ఫోనుకు ఒక వేళ నియమించుకోండి. మనకు రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు న్యూయార్కులో ఋతువును బట్టి ఉదయం పదో, పదకొండో అవుతుంది. వేళ కాని వేళ ఎదురుచూపులు తగ్గుతాయి.

4. పిల్లల పెంపకంలో పడి వదలివేసిన సంగీతమో, కుట్టుపనియో, ఉదయపు నడకయో మరల ప్రారంభించండి.

5. రక్తపోటు, మధుమేహం మాత్రలు మానరాదు.

రెండు వారాలు దాటినా నిద్రలేమి, దిగులు తగ్గకపోతే వైద్యుని సంప్రదించవలెను. బ్రతుకు మీద విరక్తి కలిగితే ఒక్కరోజు కూడా ఆగరాదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సంఖ్య 14416కు రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చును. సహాయం అడగడం కూడా ధైర్యమే.

అక్కడ బిడ్డ కొత్త ఊరికి అలవాటు పడుతున్నట్లే, ఇక్కడ మీరు కొత్త దినచర్యకు అలవాటు పడాలి. మీరు వేళకు తిని, హాయిగా నిద్రించారన్న మాట కంటె దూరాన ఉన్న బిడ్డకు ధైర్యమిచ్చేది వేరొకటి లేదు.